హంతకుడికంటే ముందు ఇంటిని చదవాలి

ఇనుగమి కుటుంబం కథ అనే జపాన్ అపరాధ పరిశోధన నవలను మొదటిసారి చదువుతున్నప్పుడు యాభై పేజీలు దాటకముందే పుస్తకం పక్కన పెట్టి ఒక తెల్లకాగితం వెతుక్కున్నాను. సుకెకియొ, సుకెతకె, సుకెతొమొ. ముగ్గురు మనవళ్ళు, మూడు పేర్లూ ఒకేలా మొదలవుతాయి. వాళ్ళ తల్లులు మత్సుకొ, తకెకొ, ఉమెకొ. ముగ్గురూ అక్కచెల్లెళ్ళే, కానీ ముగ్గురి తల్లులూ వేరు. ఎవరి కొడుకు ఎవరో చూసుకోవడానికి రెండు పేజీలకోసారి వెనక్కి తిప్పాల్సి వస్తోంది. చివరికి కాగితం మీద వంశవృక్షం గీసుకుని, ఎవరికి ఏ ఆస్తి వస్తుందో పక్కనే రాసుకున్నాక కథ పరుగెత్తింది.

పేర్లు కొత్త కాబట్టి తికమక పడ్డాననుకున్నాను అప్పట్లో. అదే రచయిత రాసినవి ఇంకొన్ని చదివాక తెలిసింది, ఆ కాగితం మీద నేను గీసుకున్నదే కథకు అసలు ముడి అని. ఈ నవలల్లో ఎవరు ఎవరిని చంపారన్నది ఆఖరి ప్రశ్న. అంతకుముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇది ఎవరి ఇల్లు? ఈ ఇంటికి పెద్ద ఎవరు? తర్వాత ఎవరు కావాలి? ఊళ్ళో ఈ ఇంటికి ఎవరు బాకీ ఉన్నారు, ఎవరికి ఈ ఇల్లు బాకీ ఉంది? ఇవి తేలకుండా శవం దగ్గర దొరికిన ఆధారాలు ఎన్ని లెక్కపెట్టినా లాభం లేదు.

ఆ రచయిత యోకొమిజొ సెయిషి. 1902లో కోబె నగరంలో పుట్టాడు, 1981లో చనిపోయాడు. మందుల తయారీ చదువుకుని, టోక్యోలో పత్రికా సంపాదకుడిగా పనిచేసి, క్షయ వ్యాధితో చాలాకాలం మంచాన పడ్డాడు. యుద్ధకాలంలో జపాన్‌లో అపరాధ పరిశోధన రచనలంటే అధికారులకు గిట్టేది కాదు. అవి శత్రుదేశాల సాహిత్యం కిందే లెక్క. అందుకని పాతకాలపు నేపథ్యంలో పరిశోధన కథలు రాస్తూ గడిపాడు. 1945లో టోక్యో మీద బాంబులు కురుస్తున్నప్పుడు కుటుంబంతో సహా ఒకయామా ప్రాంతంలోని ఒకద అనే పల్లెకు తరలిపోయాడు. ఆ ఊరు ఇప్పుడు కురషికి నగరంలో మబి అనే భాగంలో ఉంది. అక్కడ మూడేళ్ళు ఉన్నాడు. నగరంలో పుట్టి పెరిగిన మనిషికి పల్లెటూరి పెద్ద ఇళ్ళు, వాటి గొడవలు, ఊరి జనం చెప్పుకునే పాత కథలు అన్నీ అక్కడే చెవిన పడ్డాయి.

యుద్ధం ముగిసిన కొన్ని నెలలకే, 1946లో, 'హొసెకి' అనే కొత్త పత్రికలో 'హొంజిన్ హత్యలు' ధారావాహికగా మొదలైంది. కాగితం కరువుగా ఉన్న రోజులవి. 1948లో జపాన్ అపరాధ పరిశోధక రచయితల సంఘం ఇచ్చిన మొట్టమొదటి బహుమతి ఆ నవలకే వచ్చింది. చింపిరి జుట్టు, నలిగిన బట్టలు, ఆలోచన ముదిరితే బుర్ర బరబరా గోక్కోవడం, ఉద్రేకంలో నత్తి, ఇలాంటి లక్షణాలున్న కిందయిచి కోసుకె అనే డిటెక్టివ్ ఆ నవలతోనే పుట్టాడు. గత కొన్నేళ్ళలో లండన్‌లోని పుష్కిన్ ప్రెస్ ఈ నవలలను ఒక్కొక్కటిగా ఇంగ్లీషులోకి తేవడంతో మనలాంటి పాఠకులకు అందుబాటులోకి వచ్చాయి. ఎవరు చేశారన్నది ఇక్కడ ఎక్కడా చెప్పను. చదవబోయేవాళ్ళు ధైర్యంగా ముందుకు వెళ్ళొచ్చు.

హొంజిన్ అంటే ఏమిటి

మొదటి నవల పేరులోనే పెద్ద చిక్కు ఉంది. హొంజిన్ అనే మాటను ఇంగ్లీషు అనువాదకురాలు లూయిజ్ హీల్ కవాయ్ అలాగే ఉంచేసింది. అది మంచి పని, ఎందుకంటే దానికి సాటి మాట ఎక్కడా లేదు.

చక్రవర్తి పేరు మీద దేశాన్ని ఏలిన సేనాధిపతుల, అంటే షోగున్‌ల, కాలంలో దేశమంతటా ఉన్న సామంతులు ఏడాది విడిచి ఏడాది షోగున్ కొలువున్న ఎదో నగరానికి (ఇప్పటి టోక్యో) వచ్చి ఉండాలని నియమం ఉండేది. వందలాది పరివారంతో రహదారుల మీద రోజుల తరబడి ప్రయాణం. దారిలో మజిలీ ఊళ్ళు. ప్రతి మజిలీలోనూ సామంతుడంతటివాడు బస చేయడానికి ఒక ఇంటిని ప్రత్యేకంగా గుర్తించేవారు. ఆ ఇల్లే హొంజిన్. మామూలు ప్రయాణికులకు అందులో చోటు లేదు. ఆ ఇంటి యజమాని పుట్టుకతో సమురాయ్ కాకపోయినా ఇంటిపేరు పెట్టుకోవడానికీ, కత్తి కట్టడానికీ చాలాచోట్ల అనుమతి దొరికేది. సామంతుడు దిగిన గడప అన్న గౌరవం తరతరాలు నిలిచేది. ఒకయామా ప్రాంతంలోనే యకగె అనే ఊళ్ళో అలాంటి హొంజిన్ ఒకటి ఇప్పటికీ పదిలంగా ఉంది.

నవలలోని ఇచియనగి కుటుంబం అలాంటి హొంజిన్ వంశం. కానీ కథ జరిగే ఊళ్ళో వాళ్ళు పాతకాపులు కారు. షోగున్‌ల పాలన కూలిపోబోతోందని ముందే పసిగట్టి, పాత మజిలీ ఊరు వదిలి ఇక్కడికి వచ్చి, ఆ గందరగోళంలో చౌకగా పొలాలు కొని భూస్వాములయ్యారు. రచయిత ఈ సంగతిని మొదట్లోనే రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాడు. తొందరలో చదివేవాళ్ళు దాన్ని దాటిపోతారు. నేనూ దాటిపోయాను. వాళ్ళ గొప్పతనం వాళ్ళ దృష్టిలో ఎంత, ఊరి దృష్టిలో ఎంత అన్న తేడా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. తమ ఘనత గురించి లోలోపల కాస్త బెదురున్న ఇల్లే దాన్ని అందరికంటే గట్టిగా పట్టుకుంటుంది.

ఇప్పుడు పెళ్ళి సంగతి. 1937 నవంబరులో ఈ ఇంటి పెద్ద కొడుకు కెంజొ పెళ్ళి చేసుకుంటాడు. వయసు నలభై, చదువుకున్నవాడు. పెళ్ళికూతురు కత్సుకొ కూడా చదువుకున్నదే, అమ్మాయిల స్కూల్లో టీచరు. తండ్రి, బాబాయి అమెరికా వెళ్ళి కష్టపడి సంపాదించుకొచ్చి పళ్ళతోటలు పెట్టినవాళ్ళు. డబ్బుకు లోటు లేదు. అయినా ఇచియనగి ఇంటివాళ్ళందరూ ఈ పెళ్ళికి అడ్డం పడ్డారు. కారణం ఒక్కటే, ఆమె పుట్టింటివాళ్ళు ఒకప్పుడు కౌలుదార్లు. పెళ్ళి జరిగిన రాత్రే కొత్త దంపతులు పడుకున్న గదిలోంచి కేకలు, వాటి వెంట కొతొ వాద్యం తీగలు అపస్వరంగా మోగిన చప్పుడు. తలుపులు బద్దలు కొట్టి చూస్తే ఇద్దరూ రక్తపు మడుగులో ఉన్నారు. బయట మంచు పరుచుకుని ఉంది, దాని మీద ఎవరూ నడిచిన జాడ లేదు.

కాగితపు తలుపుల ఇంట్లో మూసిన గది

లోపలినుంచి గడియ పెట్టిన గదిలో హత్య అన్నది ఐరోపా, అమెరికా రచయితలకు పాత సరదా. రాతి గోడలు, బరువైన తలుపులు, తాళం చెవులు ఉన్న ఇళ్ళు వాళ్ళవి. సంప్రదాయ జపాన్ ఇల్లు దానికి పూర్తి ఎదురు. గదికీ గదికీ మధ్య జరిపే తలుపులే గోడలు. వాటిలో కొన్ని కాగితం అతికించిన చెక్క చట్రాలు. పైన గాలి, వెలుతురు ఆడటానికి చెక్కిన జాలీ. కొయ్య, కాగితం, గడ్డితో అల్లిన చాప. ఇలాంటి ఇంట్లో మూసిన గది రహస్యం కుదరదని అక్కడి రచయితలు, విమర్శకులు చాలాకాలం అనుకునేవారు.

యోకొమిజొ ఆ మాటను సవాలుగా తీసుకున్నాడు. రాత్రిపూట వసారా చుట్టూ దగ్గరగా జరిపేసే గట్టి చెక్క తలుపులు ఉంటాయి. వాన, చలి, దొంగలు లోపలికి రాకుండా. అవి మూసేస్తే విడిగా కట్టిన ఆ చిన్న ఇల్లు పెట్టెలా అయిపోతుంది. దానికి తోడు మంచు. ఈ నవలలో ఏదీ జపాన్‌కు పరాయిగా కనిపించదు. కొతొ, దాని తీగల కింద నిలబెట్టే చిన్న చిన్న మెట్లు, మీటడానికి వేళ్ళకు తొడుక్కునే గోళ్ళు, మడత తెర, తోటలో పాతుకుపోయిన కత్తి. పరాయి దేశంలో పుట్టిన పజిల్‌ను తన ఇంటి సామానుతోనే కట్టాడు. ఆ మలుపు వల్లే తర్వాతి తరం జపాన్ రచయితలకు తమ ఊళ్ళో, తమ ఇళ్ళలో ఇలాంటి కథ రాయవచ్చన్న నమ్మకం కలిగిందని నేననుకుంటాను.

అనువాదం చదివేటప్పుడు ఇక్కడే జారిపోతాం. ఇంగ్లీషులో తలుపు అనే ఒక్క మాట చదివితే మనకు బందులు, గడియ ఉన్న మన తలుపే కళ్ళముందు ఆడుతుంది. పక్కకు జరిగే తలుపు అని ప్రతిసారీ గుర్తు చేసుకోవాలి. నా సలహా ఏమిటంటే, చదవడం మొదలుపెట్టే ముందు పాత జపాన్ ఇంటి ఫొటోలు పది నిమిషాలు చూడండి. వసారా ఎక్కడుంది, తెరలు ఎలా జరుగుతాయి, అటక కింద జాలీ ఎలా ఉంటుంది. ఆ పది నిమిషాలు యాభై పేజీల తికమక తగ్గిస్తాయి.

పెద్దింటివాళ్ళు, చిన్నింటివాళ్ళు, ఇల్లరికం

ఈ నవలలన్నిటినీ పట్టి ఉంచే మాట ఒకటుంది, 'ఇఎ'. ఇల్లు, కుటుంబం, వంశం, ఆస్తి, పేరు, పూర్వీకుల సమాధులు, అన్నీ కలిపితే ఇఎ. 1898లో అమల్లోకి వచ్చిన పౌరచట్టం దీనికి చట్టపు బలం ఇచ్చింది. ప్రతి ఇంటికీ ఒక పెద్ద ఉంటాడు. ఇంట్లోవాళ్ళ పెళ్ళిళ్ళకు అతని సమ్మతి కావాలి. అతని తర్వాత ఆ పెద్దరికం, దానితోపాటు ఇంటి ఆస్తి, మామూలుగా పెద్ద కొడుక్కి వెళతాయి. తమ్ముళ్ళు బయటికి వెళ్ళి వేరే ఇళ్ళు పెట్టుకుంటే అవి శాఖ ఇళ్ళు. మూలపు ఇంటిని 'హొంకె' అంటారు, శాఖను 'బుంకె' అంటారు. 'గొకుమొన్ దీవి' నవల అంతా కితొ వంశంలోని మూలపు ఇంటికీ శాఖ ఇంటికీ మధ్య నడిచే పోటీ మీద నిలబడింది.

ఇంగ్లీషులో వీటిని ప్రధాన కుటుంబం, శాఖా కుటుంబం అంటూ నెట్టుకొస్తారు. చదువుతుంటే ఏదో కంపెనీ బ్రాంచీల్లాగా వినిపిస్తుంది. తెలుగు పాఠకుడికి ఇక్కడ కొంత సుఖం. పెద్దింటివాళ్ళు, చిన్నింటివాళ్ళు అంటే మనకు వెంటనే ఒక ఊరు, రెండు లోగిళ్ళు, మధ్యలో మాటల్లేని పాతికేళ్ళు కనిపిస్తాయి. కొడుకులు లేని ఇంట్లో అల్లుణ్ణి తెచ్చి, అతనికి తమ ఇంటిపేరు ఇచ్చి, చట్టప్రకారం కొడుకును చేసుకునే పద్ధతి జపాన్‌లో చాలా మామూలు. ఇంగ్లీషు పాఠకుడికి అది విడ్డూరం. మనకు ఇల్లరికం తెలుసు, దత్తత తెలుసు. ఆ రెండూ ఒకే మనిషిలో కలిశాయనుకుంటే సరిపోతుంది.

కానీ మన మాటలు సుఖంగా ఉన్నచోటే మోసం కూడా చేస్తాయి. దాయాదుల గొడవ అనగానే మనకు వాటాల గొడవ గుర్తొస్తుంది. మన హిందూ కుటుంబాల్లో పాత ధర్మం ప్రకారం కొడుకులందరికీ పుట్టుకతోనే హక్కు ఉండేది. పెద్దవాడికీ చిన్నవాడికీ సమానమే. అందుకే మన తగాదాలన్నీ గట్టు ఎక్కడ వేయాలి, బావి ఎవరి వంతు అన్నచోట మొదలవుతాయి. పాత జపాన్ పల్లెలో ఇల్లు ముక్కలు కాకూడదు. అంతా ఒక్కడికే. మిగతావాళ్ళకు దక్కేది ఆ ఒక్కడి దయ. కాబట్టి అక్కడ తగాదా 'నా వాటా ఎంత' అన్నదాని మీద కాదు, 'ఆ ఒక్కడు ఎవరు' అన్నదాని మీద. ఈ తేడా గట్టిగా పట్టుకుంటే, ఈ కథల్లో ఒక మనిషి చనిపోతే ఎవరికి లాభం అన్న లెక్క వేరేగా వస్తుంది. వాటాలుంటే ఒక చావు మిగతావాళ్ళందరికీ కాస్త కాస్త పెంచుతుంది. ఒక్కడికే అంతా అన్నచోట ఒక చావు వరుసలో తర్వాతివాడికి సర్వస్వం ఇస్తుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. వంశం అంటే మనకు ముందు రక్తం. ఇఎ విషయంలో రక్తం ముఖ్యమే, కానీ ఇల్లు ఆరిపోకుండా ఉండటం అంతకంటే ముఖ్యం. అవసరమైతే బయటివాణ్ణి తెచ్చి కొడుకుగా నిలబెట్టి దీపం వెలిగిస్తారు. ఇనుగమి కథలో ముసలాయన రాసిన వీలునామా ఇంటిల్లిపాదినీ అంత కుదిపేయడానికి కారణం ఇదే. కన్న కూతుళ్ళను దాటి, తనను చిన్నప్పుడు ఆదుకున్న ఉపకారి మనవరాలి చేతిలో తాళాలు పెట్టి, తన ముగ్గురు మనవళ్ళలో ఎవరిని పెళ్ళాడుతుందో ఆమెనే ఎంచుకోమంటాడు.

రాస్తున్నప్పుడే కూలిపోతున్న ప్రపంచం

ఈ నవలల గురించి మాట్లాడేవాళ్ళు శాపాలు, సమాధులు, మంచు, ముసుగుల గురించి ఎక్కువ చెబుతారు. నన్ను వాటికంటే ఎక్కువ కదిలించేది తేదీలు.

'హొంజిన్ హత్యలు' 1946 ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో జపాన్‌లో రెండో భూసంస్కరణ చట్టం వచ్చింది. ఊళ్ళో ఉండని భూస్వామి కౌలుకిచ్చిన పొలమంతా ప్రభుత్వం కొనేస్తుంది. ఊళ్ళోనే ఉన్న భూస్వామికి కౌలు పొలం సగటున ఒక చొ, అంటే సుమారు రెండున్నర ఎకరాలు మాత్రమే మిగులుతుంది. ఉత్తరాన ఉన్న హొక్కయిదొ దీవిలో నాలుగు చొలు. కొన్న పొలాన్ని దున్నుతున్న రైతుకే అమ్మారు. ధరలు విపరీతంగా పెరిగిపోతున్న కాలం కాబట్టి భూస్వాములకు వచ్చిన డబ్బు విలువ చూస్తూండగానే కరిగిపోయింది. యుద్ధానికి ముందు సాగుభూమిలో దాదాపు 46 శాతం కౌలు కింద ఉండేది, సంస్కరణ ముగిసేసరికి అది 10 శాతం దరిదాపులకు వచ్చింది. ఇంకోపక్క పౌరచట్టం మారింది. 1948 జనవరి నుంచి ఇంటిపెద్ద అధికారం చట్టంలోంచి పోయింది, పెద్దకొడుక్కే అంతా అన్న నియమం పోయింది, పెళ్ళికి ఇద్దరి ఇష్టం చాలు అన్నది వచ్చింది.

అంటే యోకొమిజొ ఆ పల్లెలో కూర్చుని భూస్వామి ఇంటి గర్వం గురించి రాస్తున్న నెలల్లోనే, ఆ గర్వానికి పునాదిగా ఉన్న పొలాన్ని కౌలుదారు పేరు మీదికి మార్చే చట్టం వస్తోంది. కౌలుదారు కూతురని కత్సుకొను తోసిపుచ్చిన ఇల్లు, పాఠకుల చేతికి పత్రిక వచ్చేనాటికి, ఆ కౌలుదార్లకే పొలం వదులుకోబోతోంది. కథ 1937లో పెట్టి 1946లో చెప్పడంలో ఉన్న బరువు ఇది. అప్పటి పాఠకులకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. మనకు చెప్పాలి. ఈ సంగతి తెలియకుండా చదివితే అదొక తెలివైన పజిల్. తెలిసి చదివితే ఒక వర్గం తన చివరి రోజుల్లో ఎలా ఊపిరి పీల్చిందో వినిపిస్తుంది.

యుద్ధం కూడా ప్రతి పేజీ వెనకా ఉంది. 1945 ఆగస్టు నాటికి సైనికులు, పౌరులు కలిపి 60 లక్షలకు పైగా జపనీయులు దేశం బయట ఉన్నారు. వాళ్ళు ఏళ్ళ తరబడి ఓడల్లో తిరిగి వస్తూనే ఉన్నారు. ఎవరు బతికున్నారు, ఎవరు పోయారు, వచ్చినవాడు నిజంగా వెళ్ళినవాడేనా? తప్పిపోయినవాళ్ళ పేర్లు రేడియోలో చదివేవారు. 'ఎనిమిది సమాధుల ఊరు' నవలలో కోబెలో ఒంటరిగా బతుకుతున్న కుర్రాడికి తన కోసం ఎవరో వెతుకుతున్నారని తెలిసేది అలాంటి రేడియో ప్రకటన వల్లే. 'గొకుమొన్ దీవి'లో కిందయిచి ఆ దీవికి వెళ్ళేది తనతో సైన్యంలో ఉండి చనిపోయిన మిత్రుడి కబురు మోసుకుని. ఇనుగమి మనవడు సుకెకియొ బర్మా యుద్ధరంగం నుంచి ముఖం ఛిద్రమై, రబ్బరు ముసుగుతో తిరిగి వస్తాడు. ముసుగు అంటే మామూలుగా చౌకబారు ఎత్తు అనిపించవచ్చు. ఆ ఏళ్ళలో మాత్రం, కొడుకు ఇంటికి వచ్చాడని తలుపు తీసిన తల్లికి ఆ టెన్షన్ నిజం.

ఊరు, వెలి, బయటివాడు

పల్లె ఎందుకు? రహస్య కథకు పాత్రల సంఖ్య పరిమితంగా ఉండాలి, అందరికీ అందరూ తెలిసి ఉండాలి. చుట్టూ కొండలు, ఒకటే దారి ఉన్న ఊరు దానికి సరిగ్గా కుదురుతుంది. ఇది పైకి కనిపించే కారణం.

లోపలి కారణం, పల్లెలో మనిషికి ఊరు తప్ప మరో బతుకు లేకపోవడం. వరి సాగుకు నీళ్ళు కావాలి, నీళ్ళు ఒకే కాలువలోంచి వంతుల వారీగా రావాలి. నాట్లు, కోతలు, ఇంటి పైకప్పు కప్పడం, అన్నీ చేయి చేయి కలిపితేనే జరిగేవి. అలాంటిచోట ఊరు కోపగించుకుంటే దాన్ని 'మురహచిబు' అంటారు. హచిబు అంటే ఎనిమిది భాగాలు. ఊరితో ఉండే పది రకాల సంబంధాల్లో ఎనిమిది తెంచేసి, ఇల్లు తగలబడితే ఆర్పడం, చావు జరిగితే సాగనంపడం, ఈ రెండే మిగిలిస్తారని జనం చెప్పే వివరణ. మన వెలి గుర్తొస్తుంది. మన ఊళ్ళలో వెలి అంటే నిప్పూ నీళ్ళూ కూడా పుట్టనివ్వరు.

'ఎనిమిది సమాధుల ఊరు' ఈ భయం మీదే నడుస్తుంది. 1566లో అమగొ వంశం ఓడిపోయినప్పుడు ఎనిమిది మంది యోధులు బంగారంతో పారిపోయి ఆ ఊరికి వస్తారు, ఊరివాళ్ళు ఆశ్రయం ఇచ్చి తర్వాత చంపేస్తారు. అది కల్పన. కథ జరగడానికి 26 ఏళ్ళ ముందు ఆ ఊరి పెద్దింటివాడు ఒక్క రాత్రిలో 32 మందిని చంపాడన్నదీ కల్పనే, కానీ దాని వెనక జరిగిన విషయం ఒకటుంది. 1938 మే 21 తెల్లవారకముందు, ఒకయామాలోనే త్సుయమ దగ్గరి కొండపల్లెలో, సైనిక పరీక్షలో క్షయ వల్ల పక్కకు పెట్టబడిన 21 ఏళ్ళ యువకుడు ఊరి కరెంటు తీగ కోసి, తలకు టార్చిలైట్లు కట్టుకుని, తుపాకి, కత్తి, గొడ్డలితో 30 మందిని చంపి తనూ చనిపోయాడు. యుద్ధానంతరం ఆ ప్రాంతంలో మూడేళ్ళు ఉన్న రచయితకు ఆ జ్ఞాపకం దగ్గరిదే.

ఇక్కడ నాకొక ఇబ్బంది ఉంది, దాచను. ఈ నవలల్లో పల్లె చీకటిగా, మూఢంగా, రక్తం వాసనతో కనిపిస్తుంది. అది నగరం నుంచి తరలివచ్చిన మనిషి చూపు. మొదటి నవలలోనే ముఖం మీద గాటు, చేతికి మూడే వేళ్ళు ఉన్న మనిషి కనబడగానే అందరూ జడుసుకుంటారు. అంగవైకల్యాన్నీ, మతి చలించడాన్నీ భయపెట్టడానికి వాడుకోవడం ఈ పుస్తకాల్లో చాలాచోట్ల ఉంది, చదువుతుంటే గుచ్చుకుంటుంది. 1970లలో కదొకవ అనే ప్రచురణ సంస్థ ఈ నవలలను చిన్నసైజు పుస్తకాలుగా మళ్ళీ అచ్చువేసి, 1976లో ఇనుగమి కథను సినిమాగా తీసినప్పుడు జపాన్ అంతా యోకొమిజొ మోజులో పడింది. అప్పటికి ఆ పాఠకుల్లో ఎక్కువమంది ఊళ్ళు వదిలి నగరాల్లో స్థిరపడ్డవాళ్ళు, వాళ్ళ పిల్లలు. తాము వదిలివచ్చిన ఊరిని భయంగానూ బెంగగానూ చూసుకోవడానికి ఈ పుస్తకాలు పనికొచ్చాయి. కాబట్టి ఇవి జపాన్ పల్లెకు ఫొటో అనుకోకూడదు.

శాపాల విషయంలో మాత్రం రచయిత మాట తప్పడు. ఊరంతా దెయ్యమని వణికినా, చివరికి ప్రతిదానికీ మనిషి చెయ్యి, మనిషి లెక్క బయటపడతాయి. జపాన్‌లో 'హొంకకు' అని పిలిచే పద్ధతి అదే. ఆధారాలన్నీ పాఠకుడి ముందు పెట్టాలి, పరిష్కారం తర్కంతో తేలాలి.

అనువాదంలో జారిపోయేవి

మళ్ళీ పేర్ల దగ్గరికి వద్దాం. మత్సు అంటే పైన్ చెట్టు, తకె వెదురు, ఉమె అక్కడి ప్లమ్ జాతి పూల చెట్టు. ఈ మూడూ కలిపి జపాన్‌లో మంగళప్రదమైన జట్టు. హోటల్లో భోజనాల స్థాయిలు చెప్పడానికి కూడా ఇదే వరుస వాడతారు. మత్సుకొ, తకెకొ, ఉమెకొ అనగానే జపాన్ పాఠకుడికి పెద్ద, నడిమి, చిన్న అన్న క్రమం వినబడుతుంది. ముగ్గురు తల్లుల బిడ్డలకు ఒకే జట్టు పేర్లు పెట్టిన తండ్రి ఎలాంటివాడో కూడా. గొకుమొన్ దీవిలో ముగ్గురు అక్కచెల్లెళ్ళ పేర్లలో చంద్రుడు, మంచు, పువ్వు ఉన్నాయి. జపాన్ కవిత్వంలో ఈ మూడూ ఋతువుల అందానికి గుర్తు. ఇంగ్లీషు అక్షరాల్లో ఇవన్నీ ఒట్టి శబ్దాలైపోతాయి. ఒకే ఇంటి మగపిల్లల పేర్లలో ఒక అక్షరం ఉమ్మడిగా ఉండటం కూడా అక్కడి ఆనవాయితీ. సుకె అన్న ముక్క చూడగానే ఇనుగమి ఇంటి బిడ్డ అని తెలిసిపోతుంది.

పేరు రాసే వరుసలో మనకొక చిన్న వరం ఉంది. జపాన్‌లో మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. కిందయిచి ఇంటిపేరు, కోసుకె పేరు. పుస్తకాల అట్టల మీద ఇంగ్లీషువాళ్ళు తిరగేసిన పేర్లను నేను తెలుగులో చెప్పుకునేటప్పుడు మళ్ళీ సరిచేసుకుంటాను. ఇలా చేస్తే ఎవరు ఏ ఇంటివాళ్ళో ముందే తెలుస్తుంది, ఈ కథల్లో కావలసింది అదే. జపాన్‌లో సామాన్యులందరూ ఇంటిపేరు పెట్టుకోవాలన్న ఆదేశం వచ్చింది 1875లోనే. ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరువాళ్ళు బోలెడుమంది ఉంటారు కాబట్టి, ఇంటి వృత్తి బట్టో ఉన్నచోటు బట్టో మరో పిలుపు పేరు కూడా నడుస్తుంది. అలాంటి పేరు ఎక్కడైనా కనిపిస్తే గుర్తు పెట్టుకోండి.

వయసుల్లోనూ ఒక మెలిక. 1950కి ముందు అక్కడ పుట్టగానే ఒకటో ఏడు, కొత్త సంవత్సరం రాగానే మరో ఏడు కలిపే లెక్క వాడుకలో ఉండేది. పాత నవలల్లో చెప్పే వయసు మన లెక్కకంటే ఒకటో రెండో ఎక్కువ ఉండవచ్చు. ఎవరు ఎప్పుడు పుట్టారన్నది ముఖ్యమైన కథల్లో ఈ తేడా పనికొస్తుంది.

యాస మాత్రం పోతుంది, దానికి మందు లేదు. ఒకయామా పల్లె యాసలో ముసలమ్మలు మాట్లాడే తీరు ఇంగ్లీషులో రాదు. 'గొకుమొన్ దీవి'లో ఒక పాత్ర గొణుక్కునే ఒకే ఒక్క వాక్యం మీద చాలా ఆధారపడి ఉంటుంది. జపాన్ భాషలో అది చెవికి ఒకలా వినబడి, మనసులో మరో అర్థానికి తెరుచుకుంటుంది. ఒకే ధ్వని, రెండు మాటలు. మన శ్లేషలాంటిదే. దాన్ని ఇంకో భాషలో నిలబెట్టడం ఎంత కష్టమో ఆ పేజీకి వచ్చాక మీకే తెలుస్తుంది, కాస్త నెమ్మదిగా చదవండి.

ఏది ముందు చదవాలని అడిగితే 'హొంజిన్ హత్యలు' అంటాను. చిన్నది, గట్టిది. ఆ తర్వాత 'గొకుమొన్ దీవి'. 'ఎనిమిది సమాధుల ఊరు'ను మూడోది చేసుకోండి. అందులో కిందయిచి తక్కువగా కనిపిస్తాడు, గుహల్లో పరుగులు ఎక్కువ, పజిల్ కోసం వెళ్ళినవాళ్ళు మొదట నిరాశ పడతారు.

మబిలో ఆయన ఉన్న ఇల్లు ఇప్పటికీ నిలబెట్టుకున్నారు. ఏటా శరదృతువులో చింపిరి జుట్టు, నలిగిన బట్టలతో కిందయిచి వేషాలు వేసుకున్న జనం కియొనె స్టేషన్‌లో దిగి, మొదటి నవలలో అతను నడిచిన దారిలో నడుస్తారు. ఆ నవల మొదటి అధ్యాయంలో కథ చెప్పే రచయిత కూడా అలాగే నడిచి వెళ్ళి ఇచియనగి ఇంటిని బయటినుంచి చూస్తాడు. దిక్కులు, గోడ, తోట, విడిగా కట్టిన చిన్న ఇల్లు, చుట్టూ ఏమేమి ఉన్నాయో తాపీగా చెబుతాడు. మొదటిసారి చదివినప్పుడు శవం ఎప్పుడొస్తుందా అని ఆ పేజీలు గబగబా తిప్పేశాను. అంతా తెలిసిపోయాక మళ్ళీ అక్కడికే వెళ్ళి, ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ చదివాను. నాకు కావలసిందాంట్లో చాలా మటుకు అప్పుడే నా ముందు పెట్టేశాడు.